ఉప్పు సూడు బిడ్డా

బడులు తెరిచిన్రు.
మిరుగం నాటి చాపల పులుసు వాసన
గల్లీలకెల్లి ఇంక పోనేలేదు,
అప్పుడే కొత్త బూట్ల వాసన.
రెండు నెలల దుమ్ము సీటు కింద దులిపి
ముందటి అద్దానికి నిమ్మకాయ కట్టిన.
వారాసిగూడల నా ఆటో
పావుతక్కువ ఏడుకు హారన్ కొడ్తది.

తొమ్మిదిమంది పోరగాండ్లు.
బ్యాగులు బయట ఏలాడ్తయ్, నోర్లు లోపల.
ఎవ్వలేం తినొచ్చిన్రో
ఎనక్కి మర్రి సూడకుంటనే చెప్త.

సమీహా ఎక్కితే కిచిడీ ఖట్టా,
నువ్వులు, చింతపండు, ఏంచిన జీలకర్ర.
ధీరజ్ వాళ్లింట్ల పెసరట్టు.
అల్లంముక్క పంటిసందుల ఇరికి
నాలుకతోటి తవ్వుకుంటనే ఉంటడు
సీతాఫల్‌మండి బ్రిడ్జి దిగేదాంక.
వర్షిత్ తల్లి ఈ ఏడు రాగిజావ షురూ చేసింది,
ఫోన్ల ఎవరో డాక్టరమ్మ చెప్పిందంట.
మూతి మీద గోధుమరంగు మీసం,
మొఖం ఆముదం తాగినట్టు.
"అంకుల్, అది మట్టి లెక్కుంటది."
"మా నాయిన గా మట్టి తాగే
సనత్‌నగర్ గూడ్స్ షెడ్డుల బస్తాలు మోసిండ్రా."
నమ్మలే. నా చేతులు సూసిండు,
ఇంక నమ్మలే.

ఇవాంజలిన్‌ది రెండో తరగతి.
రిబ్బన్లు ఒకటి చెవి మీద, ఒకటి మెడ మీద.
తనే కట్టుకున్నదని సూడంగనే ఎరుకైతది.
"ఏం దిన్నవ్ బిడ్డా?"
"దోశ."
తెల్లారి "పూరీ."
మూడోనాడు "పిజ్జా."
దోశైతే నూనె వాసన రావాలె గదా,
పూరీకి ఏలికొసలన్న మెరవాలె గదా.
నాలుగోనాడు తార్నాక సిగ్నల్ కాడ
తూగి తూగి రాడుకు తల కొట్టుకున్నది.
నిద్ర తూగు ఒక తీరుంటది,
ఆకలి తూగు ఇంకో తీరు.
ఏడో ఎక్కం కాడ గదే తూగొచ్చి
నా సదువు ఆడనే ఆగింది.

వాళ్లమ్మ గాంధీ దవాఖానల ఆయమ్మ, రాత్రి డ్యూటీ.
ఆమె దిగేది ఎనిమిదికి,
పిల్ల ఆటో ఎక్కేది ఏడుకు.
నడుమ గా గంటను
ఎవ్వలూ పొయ్యి మీద పెట్టలే.

రాత్రి అన్నం కాడ ఊకున్న.
నేను ఊకుంటె రత్నమాలకు ఎక్వ ఇనవడ్తది.
"ఏ పిల్ల?" అన్నది.
చెప్పిన.
ఏం అనలే. లేచి బొబ్బర్లు నానవోసింది.

పొద్దుగాల డబ్బల
పోపువెట్టిన గుడాలు, ఉల్లిగడ్డ,
మీద రెండు ముక్కలుగ కోసిన గుడ్డు.
ఎట్లియ్యాలె?
తిను అంటె తినే పిల్ల గాదు,
పిజ్జా తిన్న పిల్లాయె.

"బిడ్డా, నాకు సర్ది. నాలుక పనిచేస్తలే.
ఉప్పు సరిపోయిందో లేదో జర సూడు."

ఒక్క గింజ ఏసుకున్నది.
కండ్లు మూసుకుని నమిలింది,
తనిఖీకొచ్చిన పెద్దసారు లెక్క.
"తెలుస్తలేదు అంకుల్."
"ఇంకో పిడికెడు ఏసుకో మరి."
గుడ్డు కూడ తనిఖీ అయింది.

గా దినం నుంచి నా సర్ది తక్వైతలే.
ఇప్పుడు అందరికీ ఉప్పు సూసే నౌకరి కావాలె.
ఒకనాడు గుడాలు, ఒకనాడు పల్లీలు బెల్లం,
ఒకనాడు రాత్రి మిగిలిన సర్వపిండి.
ధీరజ్ పెసరట్టు చుట్టి తెస్తుండు,
వర్షిత్ జావ సీసనే తెచ్చిండు,
అంటగట్టెతందుకు.
రత్నమాల లెక్క రాస్తుంది:
బొబ్బర్లు వారానికి కిలో, నీ సర్ది పాడుగాను.

నిన్న వాన.
పర్దాలు దించి నిలవెట్టిన.
ఇవాంజలిన్ గొడుగు లేకుంట ఉరికొచ్చింది,
గౌను కింద గిన్నె దాసుకోని.
రిబ్బన్లు రెండూ సక్కగున్నయ్.
గిన్నెల ఏడేడి అటుకుల ఉప్మా.
"అంకుల్, అమ్మకు ఇయ్యాల సెలవు.
అమ్మకు సర్దంట.
ఉప్పు సూడమన్నది."

సూసిన.
నిజంగనే ఎక్వైంది.
"బరాబరున్నది బిడ్డా" అన్న.
తార్నాక దాంక
నీళ్లు తాగుకుంటనే నడిపిన.